రాయకపోతే ఏమవుతుంది: వెబ్ సర్వర్ డాక్యుమెంట్లలో ఐచ్ఛిక సెట్టింగులను తేటగా వివరించే పద్ధతి

సెట్టింగుల పట్టికలో ఒక పేరు పక్కన ‘ఐచ్ఛికం’ అని రాసి ఊరుకుంటే, చదివేవాళ్లకి సగం సంగతే చెప్పినట్టు. ఆ లైను వదిలేయొచ్చని వాళ్లకి అర్థమవుతుంది. వదిలేస్తే సర్వర్ ఏం చేస్తుందన్నది అర్థం కాదు. అర్ధరాత్రి సైటు పడిపోయినప్పుడు డాక్యుమెంటు తెరిచే మనిషికి కావలసింది ఆ రెండో సంగతే.

మీ ఆఫీసులో సర్వర్ సెటప్ నోట్స్ రాసేవాళ్లకి, ఓపెన్ సోర్స్ డాక్యుమెంట్లు సరిదిద్దేవాళ్లకి, వాటిని తెలుగులోకి తెచ్చేవాళ్లకి ఈ మార్గదర్శి. ఉదాహరణలన్నీ ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ సర్వర్ల నుంచే తీసుకున్నాం. డైరెక్టివ్‌ల పేర్లు, అంటే సెట్టింగు లైన్ల మొదట వచ్చే పేర్లు, ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. కాన్ఫిగ్ ఫైల్లో మాత్రం అసలు స్పెల్లింగే టైప్ చేయాలి.

మొదటి అడుగు: ఇది ఏ రకం ఐచ్ఛికమో తేల్చుకోండి

ఒకే మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. రాయడానికి కూర్చునే ముందు మీ సెట్టింగు ఏ రకమో తేల్చుకోవాలి.

మొదటి రకానికి సర్వర్ లోపలే ఒక విలువ ఉంటుంది, దాన్నే డీఫాల్ట్ అంటారు. మీరు రాయకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో క్లయింటు పంపే డేటా సైజుకి హద్దు పెట్టే క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ ఇలాంటిదే. ఎక్కడా రాయకపోతే 1 మెగాబైట్ పరిమితి అమల్లో ఉంటుంది. ‘నేను పరిమితి పెట్టలేదు కాబట్టి పరిమితి లేదు’ అనుకున్నవాళ్లకి, ఫోన్ కెమెరా ఫొటో అప్‌లోడ్ చేయగానే 413 ఎర్రర్ (పంపింది మరీ పెద్దదని) కనిపిస్తుంది.

రెండో రకంలో లైను రాస్తేనే ఆ సౌకర్యం ఉంటుంది. పంపే ఫైళ్లను కుదించే జీజిప్ కంప్రెషన్‌కి డీఫాల్ట్ ఆఫ్. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. జీజిప్ ఆన్ అని రాసినా హెచ్‌టీఎంఎల్ ఒక్కటే కుదించబడుతుంది. ఎందుకంటే జీజిప్_టైప్స్ డీఫాల్ట్‌లో ఉన్నది అదొక్కటే. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, జేసాన్ కుదించాలంటే వాటి రకాలను విడిగా రాయాలి. కాబట్టి ఒక ఐచ్ఛిక సెట్టింగుకి తోడుగా ఇంకొకటి కావాలంటే, ఆ రెండో పేరు మొదటిదాని వివరణలోనే ఉండాలి. పేజీ చివర ‘ఇవి కూడా చూడండి’ కింద పెడితే ఎవరూ చూడరు.

మూడో రకమే ఎక్కువమందిని ముంచుతుంది. ఇది మామూలుగా అక్కర్లేదు, ఫలానా పరిస్థితిలో మాత్రం తప్పనిసరి. లిజన్ లైనులో ఎస్ఎస్ఎల్ అని రాసి ఎస్ఎస్ఎల్_సర్టిఫికేట్ ఇవ్వకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ టెస్టు దశలోనే ఆపేస్తుంది. అది నయం, తప్పు వెంటనే కనిపిస్తుంది. డొమైన్ పేరుకి ఐపీ అడ్రసు ఏ డీఎన్ఎస్ సర్వర్‌ని అడగాలో చెప్పే రిజాల్వర్ అలా కాదు. రిక్వెస్టుని వెనకటి సర్వర్‌కి పంపే ప్రాక్సీ_పాస్‌లో డొమైన్ పేరు నేరుగా రాస్తే సర్వర్ మొదలయ్యేటప్పుడే దాని ఐపీ అడ్రసు వెతుక్కుంటుంది, రిజాల్వర్ అక్కర్లేదు. అదే పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి ఇస్తే, రిక్వెస్టు వచ్చిన ప్రతిసారీ రిజాల్వర్ అవసరపడుతుంది. కాన్ఫిగ్ టెస్టు ‘సక్సెస్‌ఫుల్’ అంటుంది, సర్వర్ కూడా లేస్తుంది, సైటు తెరిస్తే మాత్రం 502 ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ లాగ్‌లో రిజాల్వర్ ఏదీ లేదన్న ఫిర్యాదు ఉంటుంది. ఇలాంటి సెట్టింగు దగ్గర ‘ఐచ్ఛికం’ అని రాయకండి. ‘ప్రాక్సీ_పాస్‌లో వేరియబుల్ వాడి, అందులో డొమైన్ పేరు ఉంటే తప్పనిసరి, మిగతాచోట్ల అక్కర్లేదు’ అని రాయండి.

నాలుగోది డైరెక్టివ్ లోపలి పారామీటర్. డాక్యుమెంటులో చదరపు బ్రాకెట్ల మధ్య కనిపించేది ఇదే. కీప్‌అలైవ్_టైమ్‌అవుట్‌లో మొదటి సంఖ్య సర్వర్ కనెక్షన్‌ని ఎంతసేపు తెరిచి ఉంచుతుందో చెబుతుంది. బ్రాకెట్లలో ఉన్న రెండో సంఖ్య కీప్-అలైవ్ అనే హెడర్‌లో బ్రౌజర్‌కి చెప్పే కాలం. రెండోది రాయకపోతే ఆ హెడర్ పంపదు, అంతే. సర్వర్ పాటించే కాలం మారదు. బ్రాకెట్లకి, నిలువు గీతకి అర్థం ఏమిటో డాక్యుమెంటు మొదట్లోనే రెండు లైన్లలో చెప్పండి. బ్రాకెట్లను కూడా ఉన్నవి ఉన్నట్టు కాన్ఫిగ్‌లో టైప్ చేసేసిన కొత్తవాళ్లు చాలామంది ఉన్నారు.

రెండో అడుగు: డీఫాల్ట్ విలువను, నమూనా ఫైల్లోని విలువను విడదీయండి

ఈ రెండూ ఒకటేనని చాలా డాక్యుమెంట్లు పొరబడతాయి. ఒక్కో వర్కర్ ప్రాసెస్ ఒకేసారి ఎన్ని కనెక్షన్లు తెరవగలదో చెప్పే వర్కర్_కనెక్షన్స్ డీఫాల్ట్ ఎన్‌జిన్‌ఎక్స్ లోపల 512. దానితో వచ్చే నమూనా ఫైల్లో ఉన్నది 1024. కీప్‌అలైవ్_టైమ్‌అవుట్ డీఫాల్ట్ 75 సెకన్లు, నమూనా ఫైల్లో 65. ఎవరో ఒకరు ‘డీఫాల్టే కదా, ఈ లైను ఎందుకు’ అని ఫైలు శుభ్రం చేస్తారు. 1024 కాస్తా చడీచప్పుడు లేకుండా 512 అయిపోతుంది. రద్దీ పెరిగిన రోజున కనెక్షన్లు చాలడం లేదన్న హెచ్చరిక లాగ్‌లో పడుతుంది. అప్పటికి ఆ లైను తీసేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

నమూనా ఫైల్లో కామెంటు చేసిన లైన్లు ఇంకా తికమక పెడతాయి. ఎన్‌జిన్‌ఎక్స్ నమూనాలో హాష్ గుర్తు వెనకాల ‘జీజిప్ ఆన్’ అని ఉంటుంది. కొన్ని ప్రోగ్రాముల్లో కామెంటు చేసిన లైను డీఫాల్ట్‌ని చూపిస్తుంది. ఇక్కడ అది డీఫాల్ట్‌కి సరిగ్గా వ్యతిరేకం. మీరు నమూనా ఫైలు ఇస్తుంటే ప్రతి కామెంటు లైను పైన ‘డీఫాల్ట్ ఇదే’ అనో, ‘డీఫాల్ట్ ఆఫ్, ఆన్ చేయాలంటే కింది లైను హాష్ తీయండి’ అనో రాయండి. దానికి పట్టే శ్రమ చాలా తక్కువ.

కొన్ని డీఫాల్ట్‌లు ఒక్క సంఖ్యగా ఉండవు. లిజన్ రాయకపోతే, ఎన్‌జిన్‌ఎక్స్ రూట్ హక్కులతో నడుస్తుంటే 80వ పోర్టు మీద, లేకపోతే 8000 మీద వింటుంది. క్లయింట్_బాడీ_బఫర్_సైజ్ 32 బిట్ ప్లాట్‌ఫారాల్లో, x86-64లో 8 కిలోబైట్లు, మిగతా 64 బిట్ ప్లాట్‌ఫారాల్లో సాధారణంగా 16. ఇలాంటిచోట ఒక్క విలువ రాసి ఊరుకోకుండా, ఎప్పుడు ఏది వర్తిస్తుందో రెండూ రాయాలి.

మూడో అడుగు: డీఫాల్ట్‌ని మీ చేత్తో పరీక్షించండి

పాత నోట్స్‌లోంచో, వేరేవాళ్ల వ్యాసంలోంచో తెచ్చిన అంకెను నమ్మి రాయకండి. ఒక చిన్న టెస్టు సర్వర్ మీద ఆ లైను తీసేసి చూడండి. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్‌కి ఇలా చేయొచ్చు.

1. ఖాళీ సర్వర్ బ్లాకులో (ఒక సైటు సెట్టింగులుండే భాగం), రూట్ పాత్‌కి ఒక లొకేషన్ (ఒక పాత్‌కి మాత్రమే వర్తించే లోపలి భాగం) పెట్టి, అందులో ‘రిటర్న్ 200’ అని రాయండి. రిటర్న్ లైను లొకేషన్ లోపలే ఉండాలి. నేరుగా సర్వర్ బ్లాకులో పెడితే సైజు చూసే దశకంటే ముందే జవాబు వెళ్లిపోతుంది, ఎంత పెద్ద ఫైలు పంపినా 200 వస్తుంది.

2. ట్రంకేట్ కమాండుతో రెండు ఫైళ్లు చేయండి. ఒకటి సరిగ్గా 10,48,576 బైట్లు, రెండోది 10,48,577 బైట్లు. కమాండులో కామాలు ఉండకూడదు.

3. రిక్వెస్టులు పంపే కర్ల్ కమాండుతో డేటా-బైనరీ ఆప్షన్ వాడి రెండింటినీ పోస్ట్ చేయండి. మొదటిదానికి 200, రెండోదానికి 413 రావాలి. డేటా-బైనరీ బదులు ఉత్త డేటా ఆప్షన్ వాడితే ఫైల్లోని కొన్ని బైట్లు పంపకముందే పోతాయి, లెక్క తప్పుతుంది.

4. అలా వస్తే ‘1 మెగాబైట్’ అంటే 1024ని 1024తో గుణించిన సంఖ్యేనని, సరిగ్గా ఆ అంచున ఉన్న ఫైలు దాటుతుందని మీకు రుజువైంది. ఇక ధైర్యంగా రాయొచ్చు.

ఎన్‌జిన్‌ఎక్స్‌కి పెద్ద టీ (క్యాపిటల్) ఆప్షన్ ఇస్తే ఇన్‌క్లూడ్ ఫైళ్లన్నిటితో కలిపి మొత్తం కాన్ఫిగ్‌ని తెర మీద పోస్తుంది. మంచి పనిముట్టే. కానీ అందులో కనిపించేది మీరు రాసినవి మాత్రమే. రాయని సెట్టింగుల డీఫాల్ట్‌లు అందులో ఉండవు. చిన్న టీ ఆప్షన్ వ్యాకరణాన్ని, ఫైళ్లు తెరుచుకుంటున్నాయా లేదా అన్నదాన్ని చూస్తుంది. మీ ఉద్దేశం నెరవేరుతుందా అన్నది దానికి తెలియదు. పెద్ద వీ ఆప్షన్‌తో ఆ బైనరీని ఏయే మాడ్యూళ్లతో కట్టారో తెలుస్తుంది. మాడ్యూలే లేకపోతే దాని డైరెక్టివ్ ‘తెలియని డైరెక్టివ్’ అవుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌ని సోర్సు నుంచి కట్టుకునేవాళ్లకి ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ కూడా అడిగితేనే చేరుతుంది. కాబట్టి ప్రతి ఐచ్ఛిక సెట్టింగు దగ్గరా అది ఏ మాడ్యూల్‌దో రాయండి.

అపాచీలో ఇంకో ప్రమాదం ఉంది. ఇఫ్‌మాడ్యూల్ బ్లాకులో పెట్టిన లైన్లు, ఆ మాడ్యూల్ లోడ్ కాకపోతే నోరెత్తకుండా పక్కకి తప్పుకుంటాయి. భద్రతా హెడర్లను అలాంటి బ్లాకులో పెట్టమని సలహా ఇచ్చే డాక్యుమెంటు మంచిది కాదు. మాడ్యూల్ లేకపోతే సర్వర్ ఆగిపోవడమే మేలు. ఎర్రర్ కనిపిస్తుంది, సరిచేస్తారు.

నాలుగో అడుగు: లేకపోవడం, ఆఫ్, సున్నా, ఖాళీ

ఈ నాలుగూ ఒకటే అనుకోవడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ జాగా కేటాయించండి.

సున్నా సంగతే చూద్దాం. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్‌కి సున్నా ఇస్తే సైజు తనిఖీయే ఉండదు, ఎంతైనా పంపొచ్చు. కీప్‌అలైవ్_టైమ్‌అవుట్‌కి సున్నా ఇస్తే క్లయింటుతో కనెక్షన్ తెరిచి ఉంచడమే మానేస్తుంది. ఒకచోట సున్నా తలుపు బార్లా తెరుస్తుంది, ఇంకోచోట మూసేస్తుంది. ‘0 ఇవ్వవచ్చు’ అని మాత్రమే రాస్తే చదివేవాళ్లు ఏ వైపు ఊహించుకోవాలి?

ఆఫ్ ఇంకా మోసకారి. యాక్సెస్_లాగ్ ఆఫ్ అని రాస్తే ఆ లాగ్ ఆగిపోతుంది. అదే అలవాటుతో ఎర్రర్_లాగ్ ఆఫ్ అని రాసేవాళ్లున్నారు. ఆ డైరెక్టివ్‌కి ఆఫ్ అనే విలువే లేదు. ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని ఫైలు పేరుగా తీసుకుని, తన ప్రిఫిక్స్ డైరెక్టరీలో ‘ఆఫ్’ అనే పేరుతో ఒక ఫైలు సృష్టించి, ఎర్రర్లన్నీ అందులో రాస్తూ పోతుంది. టెస్టులో తప్పు చూపించదు. లాగ్ ఆగిపోయిందని మీరు అనుకుంటారు, అది ఎవరూ చూడని మూలన పెరుగుతూ ఉంటుంది. జంటగా కనిపించే రెండు సెట్టింగుల్లో ఒకటి ఆఫ్‌ని ఒప్పుకుని ఇంకొకటి ఒప్పుకోకపోతే, ఆ సంగతి రెండోదాని వివరణలో మొదటి వాక్యంగా ఉండాలి.

ఖాళీ విలువకీ అర్థం ఉంటుంది. ప్రాక్సీ_సెట్_హెడర్‌లో ఒక హెడర్‌కి ఖాళీ కోట్స్ ఇస్తే ఆ హెడర్ వెనకటి సర్వర్‌కి అసలు వెళ్లదు. ఆ లైను రాయకపోతే మాత్రం, హోస్ట్, కనెక్షన్ లాంటివి తప్ప, క్లయింటు పంపిన హెడర్ మామూలుగా అలాగే వెళుతుంది.

యూనిట్ల గురించి ఒక మాట. ఎన్‌జిన్‌ఎక్స్‌లో సైజు దగ్గర చిన్న ఎం అన్నా పెద్ద ఎం అన్నా మెగాబైట్లే. కాలం దగ్గర చిన్న ఎం నిమిషాలు, పెద్ద ఎం నెలలు, నెల అంటే 30 రోజులు. ప్రాక్సీ_రీడ్_టైమ్‌అవుట్‌కి 5 పక్కన పెద్ద ఎం పెట్టినవాళ్లు 5 నిమిషాలు అనుకుంటారు. సర్వర్ 150 రోజులు వేచి ఉండటానికి సిద్ధపడుతుంది. అక్షరమే లేకపోతే సెకన్లు. ఈ సెట్టింగు గురించే ఇంకో అపోహ ఉంది. దీని డీఫాల్ట్ 60 సెకన్లు మొత్తం జవాబుకి ఇచ్చిన గడువు కాదు. వెనకటి సర్వర్ నుంచి ఒకసారి చదివాక మళ్లీ చదవడానికి మధ్య ఎంత విరామం ఉండొచ్చన్నది. అర నిమిషానికోసారి కాస్త డేటా వస్తూ ఉంటే గంటసేపైనా సాగుతుంది. ఏ టైమ్‌అవుట్ వివరణలోనైనా ‘ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్క’ అన్నది తప్పకుండా ఉండాలి.

ఐదో అడుగు: పై బ్లాకులో రాసింది కింద నిలుస్తుందా?

డాక్యుమెంట్లలో ‘ఎక్కడ రాయొచ్చు’ అన్న వరస ఉంటుంది: హెచ్‌టీటీపీ, సర్వర్, లొకేషన్. రెండుచోట్లా రాస్తే ఏమవుతుందన్నది చాలాసార్లు ఉండదు.

జవాబుకి హెడర్ చేర్చే యాడ్_హెడర్‌నే తీసుకోండి. సర్వర్ బ్లాకులో మూడు భద్రతా హెడర్లు పెట్టారు. బొమ్మల లొకేషన్‌లో క్యాష్ కోసం ఇంకో యాడ్_హెడర్ ఒక్కటి రాశారు. నాలుగూ వస్తాయని అనుకుంటారు. వచ్చేది ఒక్కటే. ఆ స్థాయిలో యాడ్_హెడర్ ఒక్కటి కూడా లేనప్పుడే పైవి కిందికి దిగుతాయి. మామూలుగా దాని నడత ఇదే. పైగా ‘ఆల్వేస్’ అనే ఐచ్ఛిక పారామీటర్ లేకపోతే 200, 301, 304 లాంటి కొన్ని కోడ్‌లకే హెడర్ చేరుతుంది. 404, 500 పేజీలకి చేరదు.

ప్రాక్సీ_సెట్_హెడర్‌ది కూడా ఇదే కథ. పైన హోస్ట్ హెడర్ పెట్టుకున్నారు, వెబ్‌సాకెట్ లొకేషన్‌లో అప్‌గ్రేడ్ హెడర్ చేర్చారు. ఆ లొకేషన్ వరకు హోస్ట్ మళ్లీ డీఫాల్ట్‌కి వెళ్లిపోతుంది, అంటే ప్రాక్సీ_పాస్‌లో రాసిన లోపలి పేరుకి. వెనకటి అప్లికేషన్ ఆ పేరుతోనే లింకులు తయారుచేసి పంపుతుంది.

అపాచీలో ఆప్షన్స్ డైరెక్టివ్ దగ్గర ప్లస్ గుర్తు ఉంటే పైవాటికి కలుపుతుంది, ఏ గుర్తూ లేకపోతే పైవన్నీ తీసేసి కొత్తవి పెడుతుంది. ఒకే లైనులో గుర్తున్నవీ లేనివీ కలిపితే అపాచీ 2.4 మొదలవదు. మీ వివరణలో ‘వారసత్వం’ అని ఒక వరస పెట్టి, కలుస్తాయో, మారిపోతాయో, పూర్తిగా పోతాయో చెప్పండి.

ఆరో అడుగు: వెర్షన్ రాయని డీఫాల్ట్‌ని నమ్మలేం

క్లయింటు పంపే డేటా సైజుకి హద్దు పెట్టే అపాచీ లిమిట్‌రిక్వెస్ట్‌బాడీ డీఫాల్ట్ 2.4.53 దాకా సున్నా, అంటే పరిమితి లేదు. 2.4.54 నుంచి 1 గిగాబైట్. కాన్ఫిగ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా అప్‌గ్రేడ్ చేసినవాళ్లకి పెద్ద వీడియో ఫైళ్లు ఎక్కడం ఆగిపోవచ్చు. ఫోల్డర్లలో పెట్టే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లలో వేటిని పాటించాలో చెప్పే అలవ్‌ఓవర్‌రైడ్ డీఫాల్ట్ 2.3.8 దాకా ఆల్, 2.3.9 నుంచి నన్. పాత వ్యాసం చూసి డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలు పెట్టి, అది ఎందుకు పనిచేయడం లేదో తెలియక తలపట్టుకునేది అందుకే. హెచ్‌టీటీపీఎస్ వాడే టీఎల్ఎస్ ప్రోటోకాల్‌లో 1.3 ఎన్‌జిన్‌ఎక్స్‌లో డీఫాల్ట్‌గా చేరింది 1.23.4లో. టీఎల్ఎస్ 1.0, 1.1 డీఫాల్ట్ నుంచి తప్పుకున్నవి 1.27.3లో.

కాబట్టి డీఫాల్ట్ పక్కన ‘ఏ వెర్షన్ నుంచి’, మారి ఉంటే ‘అంతకుముందు ఎంత’ అని రెండూ రాయండి. పాత విలువను చెరిపేయకండి. పాత వెర్షన్ మీద ఉన్నవాళ్లే ఆ పేజీకి ఎక్కువగా వస్తారు.

ఏడో అడుగు: వివరణ రాయడం

ఇప్పటిదాకా సేకరించింది ఒక ఎంట్రీగా ఎలా కుదురుతుందో చూద్దాం. తెలుగు సైట్లు నడిపేవాళ్లకి నేరుగా పనికొచ్చే ఎన్‌జిన్‌ఎక్స్ చార్‌సెట్ డైరెక్టివ్ తీసుకుందాం.

పేరు: చార్‌సెట్
తప్పనిసరా: కాదు. పేజీలోనే మెటా ట్యాగ్‌తో యూటీఎఫ్-8 అని చెప్పుకోలేని తెలుగు ఫైళ్లు ఉంటే పెట్టాలి.
డీఫాల్ట్: ఆఫ్
రాయకపోతే: కంటెంట్-టైప్ హెడర్‌కి చార్‌సెట్ చేర్చదు. ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో బ్రౌజర్ ఊహించుకుంటుంది. ఫైలు లోపలి బైట్లు మాత్రం ఏమీ మారవు.
ఎక్కడ రాయొచ్చు: హెచ్‌టీటీపీ, సర్వర్, లొకేషన్, లొకేషన్ లోపలి ఇఫ్
ఎప్పుడు కావాలి: డాట్ టీఎక్స్‌టీ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి లాటిన్ గుర్తులు వరుసగా కనిపించినప్పుడు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోదానికి 3 బైట్లు. బ్రౌజర్ ఊహ తప్పితే ఒక గుణింతపు అక్షరం ఆరు గుర్తులుగా విడిపోతుంది.
తోడు సెట్టింగు: చార్‌సెట్_టైప్స్. దాని డీఫాల్ట్ జాబితాలో హెచ్‌టీఎంఎల్, ఉత్త టెక్స్ట్ ఉన్నాయి, సీఎస్ఎస్ లేదు.
సరిచూడటం: రీలోడ్ చేసి కర్ల్ పెద్ద ఐ ఆప్షన్‌తో ఆ ఫైలు అడగండి. కంటెంట్-టైప్ లైను చివర చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఉండాలి.

‘ఎప్పుడు కావాలి’ దగ్గర లక్షణం రాశాం, గమనించండి. ‘అవసరమైతే మార్చుకోండి’ అన్న వాక్యం డాక్యుమెంటులో ఎక్కడ కనిపించినా కొట్టేయండి. అవసరం ఎలా కనిపిస్తుందో తెలియకే కదా వాళ్లు మీ పేజీ తెరిచింది. ఎర్రర్ నంబరు, లాగ్‌లో వచ్చే వాక్యం, తెర మీద కనిపించే తేడా, ఈ మూడింటిలో ఒకటైనా చెప్పండి.

తెలుగులో ‘చేయవచ్చు’ అన్న క్రియ కూడా ఇబ్బంది పెడుతుంది. ‘ఈ విలువ మారవచ్చు’ అంటే దానంతటదే మారుతుందనా, మనం మార్చడానికి వీలుందనా? ‘ఇది రాయకపోయినా సర్వర్ నడుస్తుంది’, ‘ఇది రాసి తీరాలి’, ‘రాయడం మంచిది, ఎందుకంటే…’ అని మూడు తీర్లు పెట్టుకుని, డాక్యుమెంటు మొత్తం వాటినే వాడండి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లోనే ఆర్ఎఫ్‌సీ 2119లో ఇలాంటి మాటలకి అర్థాలు కట్టుదిట్టం చేసుకున్నారు.

ఎనిమిదో అడుగు: వేరొకరి చేత చదివించండి

ఆ సెట్టింగు ఎప్పుడూ వాడని సహోద్యోగికి మీ ఎంట్రీ ఒక్కటే ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఈ లైను తీసేస్తే ఏమవుతుంది? సున్నా పెడితే? లొకేషన్‌లో మళ్లీ రాస్తే? జవాబు కోసం వాళ్లు వేరే పేజీ తెరవబోతే మీ ఎంట్రీ ఇంకా పూర్తికాలేదు.

వాళ్లు చెప్పిన జవాబుని టెస్టు సర్వర్ మీద సరిచూసేటప్పుడు ఒక జాగ్రత్త. రీలోడ్ చేశాక కూడా పాత వర్కర్లు తమ చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగిసేదాకా పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తాయి. కొత్త కనెక్షన్‌తోనే పరీక్షించాలి, బ్రౌజర్ కంటే కర్ల్ నయం. ఇక ప్రతి అప్‌గ్రేడ్‌కి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ చేంజెస్ ఫైలు తెరిచి, ‘చేంజ్’ అని మొదలయ్యే పద్దులన్నీ చదవండి. ‘ఫీచర్’, ‘బగ్‌ఫిక్స్’ అని మొదలయ్యేవి వేరు. డీఫాల్ట్ మార్పులు ఎక్కువగా ఈ ‘చేంజ్’ పద్దుల్లోనే ఉంటాయి. మీ ఎంట్రీల్లో ఏ అంకె మార్చాలో అక్కడే తేలుతుంది.